వాన లెక్కతో పంట బీమా.. ఒక్క కాగితం వెనుక ఎన్నో వివరాలు

మహబూబ్‌నగర్: పంటను చూడకుండా, పొలంలో అడుగు పెట్టకుండా పరిహారం చెల్లించే బీమా మన దేశంలో తొలిసారిగా 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఆరంభమైంది. వేరుశనగ, ఆముదం సాగు చేసే 230 మంది రైతులు ఆ ఏడాది వర్షానికి బీమా చేసుకున్నారు. ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థ పాలసీ ఇవ్వగా, బేసిక్స్ సంస్థకు చెందిన కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు దానిని గ్రామాలకు చేర్చింది. రూపకల్పనలో ప్రపంచ బ్యాంకు నిపుణులు సాంకేతిక సహకారం అందించారు.

సాధారణ బీమాలో నష్టం జరిగిన తరువాత సర్వేయరు వచ్చి అంచనా వేస్తాడు. వాన బీమాలో ఆ ఘట్టమే లేదు. వర్షమాపకం చూపిన అంకెను ముందే రాసుకున్న అంకెతో సరిచూడటమే మొత్తం పని. కనుక రైతుకు పరిహారం వస్తుందా, రాదా అన్నది కరవు వచ్చిన నాడు కాక, పథకం వివరాలను కాగితంపై పెట్టిన నాడే చాలావరకు నిర్ణయమైపోతుంది. షరతుల పత్రంగా వ్యవహరించే ఆ కాగితం ఒకటి రెండు పుటలకు మించదు. దానిని సిద్ధం చేయడానికి మాత్రం ముప్ఫై ఏళ్ల వాన రికార్డులు తిరగేయవలసి ఉంటుంది.

ఏ నష్టానికి బీమా?

మొదట తేల్చవలసినది ఇదే. పంట నష్టానికి వర్షాభావం ఒక్కటే కారణం కాదు. తెగుళ్లు, నకిలీ విత్తనాలు, వడగళ్లు, అడవి పందులు ఏవైనా పంటను దెబ్బతీయవచ్చు. వాన బీమాలో వీటికి చోటు లేదు. వర్షం తగ్గినప్పుడు దిగుబడి ఎంత మేరకు తగ్గుతుందో చూపగలిగిన పంటలకే ఈ పద్ధతి పనికివస్తుంది. బోరు కింద వేసిన వేరుశనగకు వాన లెక్కతో సంబంధం తక్కువ. చెల్క నేలలో వర్షాధారంగా వేసిన వేరుశనగకు వానే సర్వస్వం. జిల్లాలో తొలి ప్రయోగానికి వర్షాధార వేరుశనగ, ఆముదం పంటలను ఎంచుకోవడం వెనుక ఉన్న తర్కమిదే.

పంట తెలిసిన తరువాత దాని దశలను వ్యవసాయ శాస్త్రవేత్తల సలహాతో విడదీయాలి. వేరుశనగకు విత్తే సమయంలో పదును కావాలి. పూత వచ్చి ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో తేమ తగ్గితే చెట్టు పచ్చగా కనిపించినా కింద కాయ ఉండదు. చెట్టు పీకి కల్లంలో ఆరబెట్టే రోజుల్లో మాత్రం అదే వాన శత్రువవుతుంది. ఈ మూడు అవసరాలను మూడు వేర్వేరు లెక్కలుగా రాయక తప్పదు.

2003 నాటి తొలి పాలసీలో సీజను అంతటికీ ఒకే సూచీ ఉండేది. ఏ రోజుల్లో పడిన వానకు ఎంత ప్రాముఖ్యం ఇవ్వాలో తూకం వేసి, అన్నింటినీ కలిపి ఒక అంకెగా మార్చేవారు. శాస్త్రపరంగా అది మెరుగైనదే కావచ్చు. రచ్చబండ వద్ద కూర్చున్న రైతుకు మాత్రం తన ఊళ్లో పడిన వానకు, ఆ సూచీకి ఉన్న సంబంధం బోధపడటం కష్టం. మరుసటి ఏడాదే, అంటే 2004లో, ఆ పద్ధతిని మార్చి పంటకాలాన్ని మూడు దశలుగా విడదీశారు. మొదటి దశ 35 రోజులు, రెండో దశ 35 రోజులు, మూడో దశ 40 రోజులు. మొదటి రెండింటిలో వాన తగ్గితే పరిహారం, మూడో దశలో వాన మితిమీరితే పరిహారం. రైతు విస్తీర్ణం స్థాయిని బట్టి ప్రీమియం వసూలు చేసిన తొలి ఏటి పద్ధతిని కూడా పక్కనపెట్టి, ఎకరాకు ఇంత అని నిర్ణయించారు. తరువాత వచ్చిన పలు వాతావరణ పాలసీలకు ఈ దశల పద్ధతే నమూనా అయింది.

దశ ఏనాడు మొదలవుతుంది?

చూడటానికి చిన్న వివరం. చిక్కంతా ఇక్కడే ఉంది. రైతు లెక్క కార్తెలతో నడుస్తుంది. మృగశిర ప్రవేశించగానే ఆకాశం వైపు చూస్తాడు, పదును అయితే గొర్రు కడతాడు, కాకుంటే ఆరుద్ర కోసం ఆగుతాడు. షరతుల పత్రంలో మాత్రం ఖచ్చితమైన తేదీయో, ఖచ్చితమైన కొలతో ఉండాలి. జూన్ 10వ తేదీ అని రాసేస్తే, రుతుపవనాలు ఆలస్యమై జూలైలో విత్తిన ఏడాది బీమా దశ ఒక వైపు, పంట దశ మరొక వైపు నడుస్తాయి. చేనులో మొలకలు రాకముందే కాగితంపై పూత దశ వచ్చేస్తుంది.

దీనికి పరిష్కారంగా జూన్ 1 నుంచి కురిసిన వానను కూడుతూ పోయి, మొత్తం 50 మిల్లీమీటర్లకు చేరిన నాటి నుంచి మొదటి దశ ఆరంభమైనట్లు పరిగణించే నిబంధన తెచ్చారు. అంత వాన పడకపోయినా జూలై 1 నాటికి దశ మొదలైనట్లే లెక్క. లేకుంటే వాన అసలే రాని ఏడాది పాలసీ మొదలుకాకుండానే ముగిసిపోతుంది. చెల్కలో పదునయ్యే వానకు నల్లరేగడి తడవదు. రేగడి రైతు ఇంకా ఆగుతుండగా చెల్క రైతు విత్తనం వేసి ఉంటాడు. ఒకే వర్షమాపకం కింద రెండు నేలలూ ఉన్నచోట ఈ 50 మిల్లీమీటర్ల అంకె ఎవరికి సరిపోతుందో ముందుగానే రైతులతో మాట్లాడి తేల్చుకోవాలి. రూపకర్తలు ఊరికి రావలసిన అవసరం అన్నింటికన్నా ఇక్కడే ఎక్కువ.

వర్షమాపకమే సాక్షి

ఈ బీమాలో సాక్షి ఒక్కటే, వర్షమాపకం. ఆ సాక్షిని ఎంచుకోవడంలో జరిగిన పొరపాటును తరువాత ఏ నిబంధనా సరిదిద్దలేదు.

మొదటి షరతు, పాత రికార్డు. ఒక కేంద్రంలో ముప్ఫై ఏళ్లకు తక్కువ కాకుండా రోజువారీ వర్షపాతం నమోదై ఉంటేనే ఎన్నేళ్లకొకసారి కరవు వస్తుందో అంచనా కట్టవచ్చు. నెలవారీ మొత్తాలు పనికిరావు. జూలై నెలలో 120 మిల్లీమీటర్లు పడిందని తెలిసినంత మాత్రాన, అది పది వానలుగా పడిందా, ఒక్క రాత్రి కుండపోతగా పడిందా అన్నది తెలియదు.

రికార్డు చేతికి వచ్చిన తరువాత శుద్ధి చేసే పని మొదలవుతుంది. వర్షపాతాన్ని ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. ఆ కొలత గడచిన 24 గంటలకు చెందినది. అంటే సోమవారం ఉదయం రాసిన అంకెలో ఎక్కువ భాగం ఆదివారం పడిన వానే. తేదీని ఒక పుస్తకంలో ఒక విధంగా, మరొక పుస్తకంలో మరొక విధంగా రాసి ఉంటే దశ ఆరంభమే ఒక రోజు మారిపోతుంది. పాత రిజిస్టర్లలో కనిపించే అడ్డగీత మరొక చిక్కు. వాన పడలేదని గీత గీశారా, ఆ రోజు కొలవలేదని గీశారా? రెండింటికీ పరిహారం లెక్కలో ఎంతో తేడా ఉంది. కొలవని రోజులను సున్నాగా తీసుకుంటే చరిత్రలో లేని కరవులు పుట్టుకొచ్చి ప్రీమియం పెరుగుతుంది. సమీప కేంద్రాల అంకెలతో పోల్చి ఖాళీలు పూరించాలి. ఎలా పూరించారన్నది రాసి ఉంచాలి.

కేంద్రం చోటు మారిందా అన్నది కూడా విచారించాలి. కార్యాలయం కొత్త భవనంలోకి వెళ్లినప్పుడు వర్షమాపకం కూడా వెంట వెళుతుంది. చుట్టూ చెట్లు పెరిగినా, పక్కన మేడ లేచినా కొలత తగ్గుతుంది. అడ్డుగా ఉన్న వస్తువు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలన్నది నియమం. ఆచరణలో ఆ నియమం ప్రహరీగోడ దగ్గరే ఆగిపోయిన చోట్లు లేకపోలేదు.

ఇక దూరం సంగతి. ఎద్దు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వానలు మెట్ట ప్రాంతాలకు కొత్త కాదు. మండల కేంద్రంలో వాన దంచికొట్టిన రోజు పది కిలోమీటర్ల అవతల ఊళ్లో దుమ్ము లేస్తుంటుంది. అక్కడి రైతు పంట ఎండుతుంది, పరిహారం రాదు. ఇందుకు విరుద్ధంగా పంట బాగా పండిన ఊరికి పరిహారం అందవచ్చు. వాన బీమాకు స్వభావసిద్ధమైన లోపమిది. దీనిని తగ్గించడానికి స్వయంచాలిత కేంద్రాలను దగ్గర దగ్గరగా నెలకొల్పారు. వాటితో మరొక సమస్య వచ్చింది. కొత్త కేంద్రానికి పాత చరిత్ర ఉండదు. దగ్గరగా ఉన్న మాపకానికి చరిత్ర లేదు, చరిత్ర ఉన్న మాపకం దూరం. ఏ రూపకర్తకైనా ఈ రెండింటి మధ్య రాజీ తప్పదు. కేంద్రం పనిచేయకపోతే దాని బదులు ఏ కేంద్రం అంకెలు తీసుకోవాలో కూడా సీజను ముందే పేరుతో సహా రాయాలి. పరికరం చెడిన తరువాత ప్రత్యామ్నాయం వెతికితే ఎవరికి అనుకూలమైన కేంద్రాన్ని వారు చూపుతారు.

ఎగువ హద్దు, దిగువ హద్దు

దశకు సంబంధించి షరతుల పత్రంలో ప్రధానంగా నాలుగు అంకెలు ఉంటాయి. వాన ఎంతకు తగ్గితే పరిహారం మొదలవుతుందో తెలిపేది ఎగువ హద్దు. ఎంతకు పడిపోతే పంట పోయినట్లే భావిస్తారో తెలిపేది దిగువ హద్దు. ఈ రెండింటి మధ్య తగ్గిన ఒక్కో మిల్లీమీటరుకు ఇచ్చే సొమ్ము మూడోది. దిగువ హద్దు కన్నా తగ్గినప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం నాలుగోది. జిల్లాలో అమ్మిన పాలసీలలో మిల్లీమీటరుకు 10 రూపాయలు, ఒకేసారి చెల్లింపు 1,000 రూపాయలు ఉండేవి.

లెక్క అర్థం కావడానికి హద్దులను ఊహించుకుందాం. ఎగువ హద్దు 70, దిగువ హద్దు 10 మిల్లీమీటర్లు అనుకుంటే, దశలో 45 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు లోటు 25. ఎకరాకు 250 రూపాయలు వస్తాయి. 11 మిల్లీమీటర్లు పడితే 590 రూపాయలు. 9 మిల్లీమీటర్లే పడితే 1,000 రూపాయలు. అంటే హద్దు దగ్గర రెండు మిల్లీమీటర్ల తుంపర 410 రూపాయల తేడా తెస్తుంది. మాపకం వద్ద ఉన్న మనిషి చేతిలో ఎంత బాధ్యత ఉందో దీనిని బట్టి తెలుస్తుంది. మూడో దశలో లెక్క తిరగబడి, వాన హద్దు దాటిన కొద్దీ పరిహారం పెరుగుతుంది.

వీటికి తోడు రోజువారీ నిబంధనలు రెండు. ఒక రోజున 2 మిల్లీమీటర్లకు లోపు పడిన వానను లెక్కలోకి తీసుకోరు. ఆ తడి వేరు వరకు దిగదు. ఒక రోజున 60 మిల్లీమీటర్లకు మించి పడితే 60గానే లెక్కిస్తారు. మిగిలినది వాగులోకి పోయేదే. రైతు పక్షాన చూస్తే రెండూ న్యాయమైన నిబంధనలే. అయినా ఒక లోపం మిగిలే ఉంది. ఒక్క రాత్రి 80 మిల్లీమీటర్లు పడి 60గా లెక్కకు వచ్చి, ఆ తరువాత నెల రోజుల్లో మరొక 12 మాత్రమే పడిందనుకుందాం. మొత్తం 72. ఎగువ హద్దు 70 దాటింది కనుక పైసా రాదు. చేను మాత్రం ఎండిపోయింది. మొత్తం వానను మాత్రమే చూసే పద్ధతికి ఉన్న ఈ బలహీనత వల్లే తరువాతి పథకాల్లో వరుసగా ఎన్ని రోజులు వాన లేదన్న లెక్కను విడిగా చేర్చారు.

ప్రీమియం ఎలా తేలుతుంది?

హద్దులు ఖరారయ్యాక వాటిని గడచిన ముప్ఫై ఏళ్లకు వర్తింపజేసి, ఆ పాలసీయే అప్పుడూ ఉండి ఉంటే ఏ ఏడాది ఎంత చెల్లించవలసి వచ్చేదో వేసి చూస్తారు. ఉదాహరణకు 22 ఏళ్లలో ఏమీ లేక, 8 ఏళ్లలో ఎకరాకు మొత్తం 4,800 రూపాయలు వచ్చాయనుకుంటే ఏడాదికి సగటు 160 రూపాయలు. ఇది అసలు నష్టభారం. దీనిపై నిర్వహణ ఖర్చు, అమ్మకపు ఖర్చు, పునర్బీమా ఖర్చు, అనిశ్చితికి కొంత కలుపుతారు. జిల్లా అంతటా ఒకేసారి కరవు వస్తే అందరికీ ఒకేసారి చెల్లించాలి కనుక పునర్బీమా లేనిదే ఇటువంటి పథకానికి ఏ సంస్థా సాహసించదు.

అనిశ్చితికి కలిపేది ఊరికే కాదు. పై లెక్కకు 1,000 రూపాయలు చెల్లించవలసిన మరొక్క ఏడాదిని చేర్చి చూస్తే, 31 ఏళ్లకు 5,800 రూపాయలవుతుంది. సగటు 160 నుంచి 187కు పెరుగుతుంది. ఒకే ఒక్క కరవు ప్రీమియాన్ని ఇంతగా కదిలించగలదు. అయితే కలిపే మొత్తానికి కూడా హద్దు ఉండాలి. దక్షిణాదిన అమ్మిన ఇటువంటి పాలసీలను పాత వాన రికార్డులతో పరిశీలించిన ఆర్థికవేత్తలు జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీలు సగటు చెల్లింపు ప్రీమియంలో సుమారు 30 శాతమేనని, దశల్లో 11 శాతం మాత్రమే పరిహారానికి అర్హమయ్యాయని తేల్చారు. తీవ్రమైన కరవులో మాత్రం చెల్లించిన దానికి ఎన్నో రెట్లు తిరిగి వస్తుందని కూడా వారు చెప్పారు. అరుదుగా ఎక్కువ ఇచ్చే పాలసీ కావాలా, తరచుగా కొంచెం ఇచ్చేది కావాలా అన్నది ఎగువ, దిగువ హద్దులను జరపడంతో తేలే విషయం. రైతును అడిగి తేల్చవలసిన విషయం కూడా.

అనుమతి పత్రాలు

బీమా సంస్థ తనకు తోచిన పాలసీని నేరుగా అమ్మడానికి వీలులేదు. 2001లో హైదరాబాదుకు తరలివచ్చిన బీమా నియంత్రణ సంస్థ వద్ద పాలసీ నిబంధనల పాఠం, దరఖాస్తు నమూనా, ప్రీమియం పట్టిక, దానికి ఆధారమైన లెక్క, పునర్బీమా ఏర్పాటు, యాక్చువరీ ధ్రువీకరణ దాఖలు చేసి, ఆ తరువాతే అమ్మే పద్ధతి మొదట ఉండేది. 2022 జూన్‌లో సాధారణ బీమా పాలసీలలో చాలావాటికి ముందు ప్రవేశపెట్టి తరువాత దాఖలు చేసే వెసులుబాటు కల్పించారు. సంస్థలోని కమిటీయే తొలి పరీక్ష జరపవలసి ఉంటుంది కనుక వివరాల బాధ్యత తగ్గలేదు, మరింత పెరిగింది.

పాలసీ తెలుగు పాఠాన్ని చివరి నిమిషంలో అనువాదకునికి అప్పగించే అలవాటు మంచిది కాదు. 2004లో జరిపిన గ్రామ సర్వేలో పాలసీ తీసుకోనివారు చెప్పిన ముఖ్య కారణాలలో అది అర్థం కాకపోవడం ఒకటి. ‘అంగుళం వాన’, ‘దుక్కి వాన’ అని మాట్లాడుకునే ఊళ్లో మిల్లీమీటరు అంటే ఏమిటో బొమ్మతో చూపాలి.

గడువు తేదీ మరొక ముఖ్య వివరం. వానల రాకకు ముందే అమ్మకం ముగించాలి. జూన్ చివర ఆకాశం చూసి కరవు ఖాయమని తెలిసిన తరువాత అందరూ కొంటే సంస్థ నిలవదు, మరుసటి ఏడాది ప్రీమియం రైతుకు అందదు. కానీ చేతిలో డబ్బు ఆడనిది కూడా ఆ రోజుల్లోనే. విత్తనాలకు, ఎరువులకు వెతుక్కునే సమయంలో ప్రీమియం అడగవలసి వస్తుంది. పంట రుణంతో ముడిపెట్టడం ఒక దారి. రుణం లేని కౌలు రైతు సంగతి అప్పుడు విడిగా చూడాలి.

నేటి పథకాల్లో

వాతావరణ ఆధారిత పంటల బీమాను 2007 ఖరీఫ్‌లో కర్ణాటకలో ప్రయోగాత్మకంగా ఆరంభించి తరువాత ఇతర రాష్ట్రాలకు విస్తరించారు. 2016 ఖరీఫ్ నుంచి అది పునర్‌వ్యవస్థీకృత రూపంలో, ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనకు తోడుగా ఉంది. ఏ రాష్ట్రం ఏ సీజనులో దేనిని అమలు చేస్తుందన్నది ఆ ప్రభుత్వ ప్రకటనను బట్టి ఉంటుంది. రైతు వాటాను ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతంగా 2016లో పరిమితం చేశారు. పంటలు, ప్రాంతాలు, షరతుల పత్రం రాష్ట్రస్థాయి సమన్వయ కమిటీ ముందుకు వస్తాయి.

ఫసల్ బీమాలో వాన బదులు దిగుబడిని కొలుస్తారు. అక్కడ ఎగువ హద్దు స్థానంలో గత ఏడేళ్ల దిగుబడి నుంచి లెక్కించిన ప్రామాణిక దిగుబడి ఉంటుంది. వర్షమాపకం స్థానంలో పంట కోత ప్రయోగం ఉంటుంది. అందుకు ఎంచిన చేను ఏది, తూకం ఎవరు వేశారు అన్న ప్రశ్నలు అక్కడ కూడా అంతే పదునైనవి.

వాన బీమాకు ప్రీమియం చెల్లించే రైతు రసీదుతో పాటు షరతుల పత్రం నకలు అడగవచ్చు. తన గ్రామానికి కేటాయించిన వర్షమాపకం పేరు, దాని ప్రత్యామ్నాయం, దశలు మొదలయ్యే తేదీ లేదా కొలత, రెండు హద్దులు, మిల్లీమీటరుకు చెల్లింపు అందులో ఉంటాయి. 2016లో, 2019లో ఉమ్మడి మహబూబ్‌నగర్, 2022లో అనంతపురం జిల్లాల విభజన జరిగినందున పాత పత్రాల్లోని జిల్లా, మండలం పేర్లు మారి ఉండవచ్చు. గ్రామం పేరు ఏ కేంద్రం కింద నమోదైందో విత్తనం వేసే ముందే సరిచూసుకుంటే, తేడా ఉన్నచోట గడువులోగా సవరణ కోరే అవకాశం ఉంటుంది.